ఎడిటోరియల్ బోర్డులో చేరిన చిట్టికి పెద్దమ్మ రాసేది

విశాఖపట్నం

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పుల గురించి పావుగంట చెప్పి, ఇక పెట్టేస్తుందనగా, "అన్నట్టు అక్కా, చిట్టిని ఏదో పత్రిక బోర్డులోకి తీసుకున్నారట" అంది. ఏ పత్రికో సరిగ్గా చెప్పలేకపోయింది. ఊళ్ళలో, బస్తీల్లో జనంతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనలు వేస్తారని, లోపలి పేజీలో నీ పేరు అచ్చవుతుందని మాత్రం చెప్పింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, భయం కొంత. నాలుగింటికి లేచి కాఫీ పెట్టుకుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు. కాగితమైతే రెండోసారి చదువుతావు.

నీకు గుర్తుందా, వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు హాలు నిండా మా పత్రిక కట్టలు ఉండేవి. నేను మైదా ఉడకబెట్టి జిగురు చేసేదాన్ని. ఒక్కో ప్రతికీ కాగితపు పట్టీ చుట్టి అడ్రసు అంటిస్తే, స్టాంపులు అంటించే పని నీది. నాలుకతో తడిపి తడిపి నోరు చేదెక్కి బెల్లం ముక్క కావాలని మారాం చేసేదానివి. ఎనిమిదేళ్ళు నీకు. అడ్రసులు పైకి చదువుతూ "పాడేరు ఎక్కడ పెద్దమ్మా? సీతంపేట ఎక్కడ? వీళ్ళంతా ఇది చదువుతారా?" అని అడిగేదానివి. చదువుతారమ్మా అన్నాను. ఆ పుస్తకం పాడేరులో డాక్టరు దాకా వెళ్ళేది. లోపల ఎవరి గురించి రాశామో ఆ ఇళ్ళ దాకా మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ సంగతి నాకు తట్టడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు తిట్లు. వాళ్ళు అడిగిన సాయంత్రమే ఒప్పుకున్నావట. ఆ పత్రిక పాత సంచికలు ఎన్ని చదివావు? కనీసం రెండేళ్ళవి తీసి వరసగా చదివి ఉండాల్సింది. పత్రిక ఎవరిది, డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది, వ్యాసం వేయడానికి రచయితల దగ్గర ఎంత తీసుకుంటారు, సంపాదకుడు కాదన్న వ్యాసాన్ని యాజమాన్యం వేయించగలదా, ఇవన్నీ అడిగి ఒప్పుకోవాలి. యూజీసీ వాళ్ళు మంచి పత్రికల జాబితా అని 2019లో కేర్ పెట్టారు, 2025లో ఎత్తేశారు. జాబితాలో ఉంది కదా అని నమ్మే రోజులు పోయాయి. ఇప్పుడు నువ్వే చూసుకోవాలి. నీ పేరు చూసి నమ్మి ఎవరో ఒక పీజీ కుర్రాడు అప్పు చేసి ఫీజు కడతాడు. నెల రోజుల్లో తేడా కనిపిస్తే మొహమాటపడకుండా బయటికి రా. వచ్చేటప్పుడు ఎందుకు వస్తున్నావో రాతపూర్వకంగా ఇచ్చి రా.

మామూలు సంగతులు నీకు తెలుసు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, వాడు. మీ ప్రొఫెసరు వ్యాసం వస్తే, నీతో పనిచేసిన వాళ్ళది వస్తే, ముందే చెప్పి ఆ చర్చ నుంచి లేచి వెళ్ళు. వ్యాసం చదవడానికి తీరిక లేకపోతే వారంలోపు లేదని చెప్పు. నీ బల్ల మీద నిద్రపోతున్న వ్యాసం ఎవరిదో ప్రమోషను, ఎవరిదో పీహెచ్‌డీ.

ఇది నాకు జరిగి తెలుసు. 1984లో నా మొదటి వ్యాసం కార్బన్ కాగితాలు పెట్టి మూడు ప్రతులు టైపు కొట్టించి రిజిస్టర్ పోస్టులో పంపాను. పధ్నాలుగు నెలలు పోస్ట్‌మాన్ సైకిల్ గంట మోగినప్పుడల్లా గుమ్మంలోకి పరిగెత్తాను. చివరికి రెండు లైన్ల కార్డు వచ్చింది, తీసుకోలేము అని. ఆ వ్యాసాన్నే ఇంకో పత్రికకు పంపితే ఆ సంపాదకుడు చేత్తో రెండు పేజీలు రాశాడు. మీ రెండో పట్టికలో మొత్తం తప్పు, కూడి చూడండి. మీరు అంగన్‌వాడీ పిల్లల్ని తూచిన త్రాసు ఏ రకమో రాయలేదు. ఇవి సరిదిద్ది మళ్ళీ పంపండి, ఈ పని ఆపకండి అని. ఆయన కూడా వెనక్కే పంపాడు. కానీ ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నువ్వు కాదని రాసే ప్రతి ఉత్తరంలో అవతలి మనిషి రేపు పొద్దున చేయగలిగే పని ఒకటైనా ఉండేలా చూడు. ఇంగ్లీషు బాగాలేదని మాత్రం ఎవరినీ పంపేయకు. చింతపల్లి పీహెచ్‌సీలో ఒక్కడే కూర్చుని రాసిన డాక్టరు ఇంగ్లీషు నువ్వు అరపూట కూర్చుంటే బాగుపడుతుంది. అతను చూసింది మాత్రం హైదరాబాదులో కూర్చున్న ఎవరికీ దొరకదు.

రచయితల పేర్ల గురించి కూడా ఒక మాట. ఏడుగురి పేర్లుంటాయి, అందులో నలుగురు ఊరి పొలిమేర కూడా దాటి ఉండరు. ఇంటింటికీ తిరిగిన ఆశా వర్కరు, ఏఎన్ఎం పేరు కృతజ్ఞతల్లో కూడా ఉండదు, "క్షేత్రస్థాయి సిబ్బందికి ధన్యవాదాలు" అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరెవరు ఏం చేశారో విడివిడిగా రాయించు. ఏ ఇంట్లో అడగాలో, ఏ ప్రశ్న ఎలా అడిగితే జవాబు వస్తుందో తేల్చింది ఆ ఆశా వర్కరే అయితే, రాసింది చూసి సరే అన్నది కూడా ఆమే అయితే, ఆమె రచయితే. డిగ్రీ లేదని అడ్డు చెప్పే పెద్దలు మీ బోర్డులోనూ ఉంటారు. చెప్పనీ.

ఇక అసలు సంగతి. దీని గురించి మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2006. నేను సంపాదకురాలిని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అప్పుడప్పుడే బయటి లోకం వింటోంది. నీకు తెలుసు కదా, కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు, అంత పచ్చగా ఉంటుంది. షుగరు లేదు, బీపీ లేదు, నలభై ఏళ్ళ కూలీ మనిషికి కిడ్నీలు పోతున్నాయి. ఎందుకో ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. అప్పుడైతే ఏమీ తెలియదు. అలాంటి సమయంలో ఇద్దరు కుర్ర డాక్టర్లు ఒక ఊరంతా ఇంటింటికీ తిరిగి, పెద్దవాళ్ళందరి రక్తం తీసి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అంకె చూసి వ్యాసం పంపారు. చదువుతుంటే నా చేతులు వణికాయి, సంతోషంతో. అంత శుభ్రమైన పని మా పత్రికకు అంతకుముందు రాలేదు. ఢిల్లీలో ఒకరికి, చెన్నైలో ఒకరికి సమీక్షకు పంపాను. ఇద్దరూ లెక్కల గురించే అడిగారు. నేను దశాంశాలు సరిచేశాను. పరిశోధన వల్ల జనానికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి నెంబరు ఉంది. ఊరి పేరు దాచారు, "ఉత్తర కోస్తాలో ఒక గ్రామం" అని రాశారు. ఇంకేం కావాలి అనుకున్నాను. మొదటి వ్యాసంగా వేశాను.

పేరు దాచారు. కానీ అధ్యయనం చేసిన ప్రాంతం అన్న పేరాలో ఊరి జనాభా చివరి అంకెతో సహా రాశారు. 2001 జనాభా లెక్కల పుస్తకం తీసి ఆ అంకె వెతికితే ఊరు దొరుకుతుంది. జాతీయ రహదారి నుంచి ఎన్ని కిలోమీటర్లో ఉంది. రెండు చెరువులు, అమ్మవారి గుడి, జీడి బట్టీలు ఉన్నాయి. నాలుగో పట్టికలో జబ్బు లెక్క వీధుల వారీగా ఇచ్చారు. మన ఊళ్ళలో వీధి అంటే ఏమిటి చిట్టీ? వీధి అంటే కులం, వీధి అంటే నాలుగు కుటుంబాలు. ఒక వీధిలో "ముగ్గురు" అని ఉంది. ఆ ముగ్గురు ఎవరో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. నేను ఆ పట్టికను కనీసం ఆరుసార్లు చూశాను. నిలువు వరసలు సరిగ్గా కూడాయా అని చూశాను.

పత్రిక వచ్చిన నెలకు ఒక విలేకరి లెక్కలన్నీ కలిపి ఊరి పేరుతో సహా వార్త వేశాడు, బావి ఫొటోతో. నాకు అది కూడా తెలియదు. ఎనిమిది నెలల తర్వాత, ఆ ప్రాంతంలో పనిచేసి రిటైరైన నర్సు ఒకావిడ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర కలిసి, "మేడం, మీ పుస్తకం వల్ల ఆ ఊరి పిల్లల సంబంధాలు తప్పిపోతున్నాయి" అంది. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ ఆదివారం పొద్దున్నే రైలెక్కి పలాసలో దిగి ఆటోలో వెళ్ళాను. క్షమించమని అడగాలని వెళ్ళాను. ఆ నర్సు చెప్పిన ఇంటికే వెళ్ళాను. ఆ ఇంటి పెద్దమ్మాయికి తాంబూలాలు పుచ్చుకున్నాక వార్త చూసి మగపెళ్ళివారు వెనక్కి పంపేశారు. తల్లి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి బొండం కొట్టించి ఇచ్చింది. నేనెవరో చెప్పాను. పుస్తకంలో వేసింది నేనే అని చెప్పాను. తప్పయిందమ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "సంబంధం పోతే మరోటొస్తాది గానీ, ఆ దినం మా ఆయన నెత్తురు తీసినారు గదమ్మా, అదేటి సెప్పినాది? మాకెవురూ సెప్పనేదు" అంది.

గోడ మీద ఆయన ఫొటోకు దండ ఉంది. లోపలికి వచ్చినప్పుడు నేను చూడలేదు.

నా దగ్గర జవాబు లేదు. వైజాగ్ వచ్చి ఆ కుర్ర డాక్టర్లలో ఒకడికి ఫోన్ చేశాను. రక్త పరీక్షల ఫలితాలు రాసిన రిజిస్టరు వాళ్ళ డిపార్టుమెంటులో ఇనప బీరువాలో ఉంది. రక్తం తీసిన రోజు "రిపోర్టు వస్తుంది" అని చెప్పారు, వచ్చాక మళ్ళీ ఎవరూ ఆ ఊరు వెళ్ళలేదు. నేను గట్టిగా మాట్లాడితే అతను మర్యాదగానే, "ఎథిక్స్ కమిటీ అడగలేదు మేడం, మీరూ అడగలేదు" అన్నాడు. నిజమే. క్రియాటినిన్ దశాంశం అడిగాను, అది ఆ మనిషికి చెప్పారా అని అడగలేదు. రిజిస్టరులో ఆయనది నాలుగు దాటి ఉంది, అంటే అప్పటికే కిడ్నీలు బాగా పాడయ్యాయి. తెలిసి ఉంటే బతికేవాడని నేను అనలేను. అప్పట్లో డయాలసిస్ కావాలంటే వైజాగో బరంపురమో, ఆ ఖర్చు వాళ్ళ వల్ల అయ్యేది కాదు. కానీ తోటలో పని చేసి వచ్చి ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో కొన్న మాత్రలు రోజూ మింగేవాడట. ఆ మాత్రలు పాడైన కిడ్నీని ఇంకా పాడు చేస్తాయి. ఒక్కరు వెళ్ళి "బాబూ, అవి మానేయ్" అని చెప్పి ఉంటే! ఆ ఒక్క మాట మా పత్రికలో మొదటి వ్యాసం మూడో పట్టికలో సగటుల కింద పడి ఉంది.

తర్వాత నేను, అక్కడి ఏఎన్ఎం, ఆ కుర్రాళ్ళలో ఒకడు కలిసి మూడు ఆదివారాలు ఇంటింటికీ వెళ్ళి ఎవరి ఫలితం వాళ్ళకు రాసిన చీటీలు ఇచ్చాం. కొన్ని ఇళ్ళకు తాళాలు. ఆ తల్లి తన భర్త పేరున్న చీటీ తీసుకుని నన్ను చదవమంది, చదివాను. మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుంది.

ఇంకో తప్పు కూడా చేశాను, అది చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ పట్టిక వేయకుండా ఉండాల్సిందని, ఫలితాలు చెప్పకుండా వేయడం మా లోపమని తర్వాతి సంచికలో నేను రాయాలి. రాసి పెట్టుకున్నాను కూడా. బోర్డులో ఒక పెద్దాయన, "ఎందుకమ్మా, మళ్ళీ గుర్తు చేసినట్టవుతుంది, పత్రిక పరువు కూడా" అన్నారు. ఊరిని కాపాడుతున్నాననుకుని ఊరుకున్నాను. కాపాడింది నన్ను నేనే. ఊరి ఆనవాళ్ళు లేకుండానే సవరణ రాయొచ్చని నాకు తెలియక కాదు. ఆ తర్వాత రెండేళ్ళకు సంపాదకత్వం వదిలేశాను. ఆరోగ్యం బాగాలేదని అందరికీ చెప్పాను. మీ అమ్మకూ అదే చెప్పాను.

అందుకే నీ గురించి భయం. అప్పుడు మాది అచ్చు పుస్తకం, కొన్ని వందల ప్రతులు. పాతబడితే లైబ్రరీలో చెదలు తినేవి. మీది నెట్‌లో ఉంటుంది. ఒక్కసారి పైకి ఎక్కితే ఎన్ని చోట్లకు చేరుతుందో నీకే తెలియదు, పదేళ్ళ తర్వాత పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు ఫోన్లో ఊరి పేరు కొట్టినా వస్తుంది. కాబట్టి పట్టికలు చూసేటప్పుడు అయిదు కంటే చిన్న అంకె ఉన్న ప్రతి గడి దగ్గరా ఆగు. ఆ ఊళ్ళో పుట్టినదాన్నైతే ఈ "ఇద్దరు" ఎవరో చెప్పగలనా అని నిన్ను నువ్వు అడుగు. చెప్పగలిగితే ఆ గడులు కలిపేయమను. జనాభా గుండ్రని అంకెల్లో రాయమను. మ్యాపు మీద చుక్కలు, జీపీఎస్ అంకెలు, ఫొటోల వెనక కనిపించే బోర్డులు, స్కూలు గోడ మీది పేరు, అన్నీ చూడు. లెక్కలు చూడటానికి సమీక్షకులు ఉంటారు. ఇవి చూసేవాళ్ళు ఉండరు, నువ్వే చూడాలి.

ఇది చదివి, ఊళ్ళ పేర్లన్నీ కొట్టేస్తే సరిపోతుందనుకుంటావేమో. నేను కూడా కొన్నాళ్ళు అలా మొండికేశాను. నల్లగొండ గుర్తుకొచ్చి మారాను. అక్కడ ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, పళ్ళు పాడయ్యే జబ్బు, ఉందని 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మన వైపు నెల్లూరు జిల్లాలో, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, 1937లోనే రాశారు. పుస్తకాల్లోకి వచ్చిందే గాని కుండల్లోకి మంచినీళ్ళు రాలేదు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నామినేషన్లు వేసి పోటీలో నిలబడ్డారు, బ్యాలెట్ పత్రం పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. మా పేరు దేశమంతా వినపడాలి అని ఆ జిల్లా వాళ్ళే తేల్చుకున్నారు. అక్కడ "తెలంగాణలో ఒక జిల్లా" అని రాసి పేరు దాచడమే అన్యాయం అయ్యేది. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరుంది చూడు, ఆ పేరు ఆ ఊరికి ఉపకారమే చేసింది. కాబట్టి పేరు పెట్టాలా, దాచాలా అన్నది నీ ఇష్టమూ కాదు, రచయిత ఇష్టమూ కాదు. ఊరిని అడిగారా, ఎవరిని అడిగారు, ఏమన్నారు, ఇది వ్యాసంలో రాసి ఉండాలి. సర్పంచిని అడిగాం అంటే చాలదు. జబ్బు పడిన ఇళ్ళవాళ్ళను అడిగారా అని అడుగు.

సమ్మతి కూడా అంతే. "అందరి సమ్మతి తీసుకున్నాం" అన్న ఒక్క వాక్యం దగ్గర నువ్వు ఆగకపోతే ఎవరూ ఆగరు. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ దాని మీద గట్టిగా రాసింది. నేను చెప్పేది టీకా మంచిచెడ్డల గురించి కాదు. సంతకం ఎవరిది, కాగితం ఏ భాషలో ఉంది, కోయ పిల్లకు తెలుగు కాగితం చదివి వినిపించారా లేక ఆమె భాషలో చెప్పారా, ఇవి అడగాల్సినవాళ్ళు మనం. అమెరికాలో హవాసుపాయ్ అనే చిన్న తెగ గ్రాండ్ కాన్యన్ అడుగున ఉంటుంది. షుగరు జబ్బు చూస్తామని వాళ్ళ రక్తం తీసుకుని వేరే వాటికి కూడా వాడారు, వ్యాసాలూ వేశారు. 2010లో యూనివర్సిటీ రాజీపడి 7 లక్షల డాలర్లు ఇచ్చింది, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చేసింది. వాళ్ళ మనుషులు వెళ్ళి ఆ రక్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. అది చదివినప్పుడు నాకు ఉద్దానంలో ఆ అరుగే కళ్ళముందు ఆడింది. ఆ వ్యాసాలన్నిటికీ సంపాదకులు ఉండే ఉంటారు కదా. ఎవరూ అడగలేదు, నేను అడగనట్టే.

భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017లో తెచ్చిన మార్గదర్శకాలు నీ దగ్గర ఉండే ఉంటాయి. అందులో జనం ప్రమేయం గురించీ, ఒక సమూహం మొత్తానికి మచ్చ పడే ప్రమాదం గురించీ ఉన్న భాగాలు ప్రింటు తీసి పెట్టుకో. మీటింగులో పెద్దవాళ్ళతో "నాకనిపిస్తోంది సార్" అంటే నవ్వేస్తారు, కాగితం చూపిస్తే వింటారు. మొదటి మీటింగులోనే అన్నీ అడగకు. ఒక్కటి అడుగు: రచయితలు వ్యాసంతో పాటు నింపే ఫారంలో "పాల్గొన్నవాళ్ళకు వాళ్ళ ఫలితాలు ఎప్పుడు, ఎలా చెప్పారు?" అన్న గడి ఒకటి చేర్చమను. ఇంకా చెప్పకపోతే చెప్పాకే పంపమనాలి. దీన్ని గెలిచాక రెండోది అడుగు, ప్రతి వ్యాసానికీ తెలుగులో ఒక పేజీ. ఇంగ్లీషు సారాంశాన్ని ముక్కకు ముక్క తెలుగు చేసి పెడతారు, "వ్యాధి ప్రాబల్యం" అంటారు, దాన్ని ఒప్పుకోకు. ఏ ఆశా వర్కరుకైనా చదివి వినిపించి, ఆమె తిరిగి తన మాటల్లో చెప్పగలిగితేనే అది తెలుగు. మూడోది కష్టం. సమీక్షకుల్లో ఒక్కరైనా ఆ జబ్బుతోనో ఆ పనితోనో బతికిన మనిషి ఉండాలి. నవ్వుతారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ప్రెస్ 2007 నుంచి తెస్తున్న ఒక పత్రిక పూర్తిగా జనంతో కలిసి చేసిన ఆరోగ్య పరిశోధన కోసమే నడుస్తోంది, వ్యాసం రాసినవాళ్ళతో మాట్లాడించి వినిపిస్తారు కూడా. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరదా అని అడుగు. నా పట్టికను చెన్నై బదులు ఆ వీధిలో ఎవరికైనా చూపించి ఉంటే ఒక్క నిమిషంలో పట్టుకునేవాళ్ళు.

ఇంతా చెప్పి నిన్ను భయపెట్టానేమో. చేరొద్దని కాదు తల్లీ. నువ్వు పీజీలో ఉన్నప్పుడు కాలనీలో పసిపిల్లల బరువులు చూడ్డానికి వెళ్ళి, ఆ రాత్రే కాగితం మీద ప్రతి తల్లికీ పిల్ల బరువు రాసి మర్నాడు పంచి వచ్చావు. ఎవరూ చెప్పకుండానే చేశావు. మీ గైడు టైము వృథా అన్నాడని నాకు ఫోన్లో ఏడుస్తూ చెప్పావు. నేను ఆ రోజు నీకు ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మూడు ఆదివారాలు తిరిగి నేను ఆలస్యంగా చేసిన పని నువ్వు ఇరవై నాలుగేళ్ళకే చేశావు. అందుకే మీ అమ్మ చెప్పగానే ఆ పత్రికకు మంచి రోజులు అనుకున్నాను. ఈ మాట నీ ముందు ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

అర్ధరాత్రి కూర్చుని చదవకు. చంటివాడు ఉన్నాడు, ఉద్యోగం ఉంది. ఏడాదికి ఇన్నే చూస్తానని ముందే చెప్పు. నీకు వచ్చే వ్యాసాలు నాకు చూపించకు. నేను అడుగుతాను, నాకు తెలుసు, ఏదో వంకతో "ఏం వచ్చాయే" అని కూపీ లాగుతాను. చెప్పకు. అచ్చయ్యాక పంపు, చదివి నా గొడవ నేను చెప్తాను.

ఈ ఉత్తరంతో పాటు నా పాత ఎర్ర అట్ట నోటుబుక్కు పంపుతున్నాను. సంపాదకురాలిగా ఉన్న ఆరేళ్ళూ ప్రతి వ్యాసానికీ రచయితలను ఏం అడిగానో, ఏం అడగకుండా వదిలేశానో అందులో రాసుకున్నాను. 2006 తర్వాతి పేజీల్లో చేతిరాత మారి ఉంటుంది, నిదానంగా చదువు. మధ్యలో నాలుగు కాగితాలు చింపి ఉన్నాయి. చీటీలు పంచిన ఇళ్ళ పేర్లు, అంకెలు వాటిలో ఉన్నాయి. వాటిని నీకు కూడా పంపలేను.

ఆదివారం ఏడు తర్వాత ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ